వంటింటి యంత్రం: ఎంత పెద్దది కావాలి?

షాబాన్ నెల సగం గడిచిందంటే మన ఇళ్ళలో రమజాన్ కొనుగోళ్ళ మాట మొదలవుతుంది. ఖర్జూరాలు, శనగపప్పు, సేమియాల జాబితాలో ఈ మధ్య మరొక వస్తువు కూడా చేరుతున్నది. అది పెద్ద గిన్నె గల ఫుడ్ ప్రాసెసర్. పది పన్నెండు మంది కలిసి ఇఫ్తార్ చేసే ఇంటికి అది అవసరమా, ఆడంబరమా అని కొందరు సోదరులు మమ్మల్ని అడుగుతున్నారు.

ఈ ప్రశ్న వినగానే మాకు హజ్రత్ ఫాతిమా (రజి) గారి చేతులు గుర్తుకు వస్తాయి. తిరగలి విసిరి విసిరి కాయలు కాచిన చేతులవి. ఒక సేవకుని కోరేందుకు ఆమె తండ్రిగారైన దైవప్రవక్త (స) ఇంటికి వెళ్ళారు. ఆయన లేకపోవడంతో హజ్రత్ ఆయిషా (రజి) గారికి విషయం చెప్పి తిరిగి వచ్చేశారు. ఆ రాత్రి దైవప్రవక్త (స) స్వయంగా కుమార్తె ఇంటికి వచ్చి, సేవకుని కన్నా మేలైనది చెబుతానంటూ, పడుకోబోయే ముందు సుబ్హానల్లాహ్ 33 సార్లు, అల్‌హమ్దులిల్లాహ్ 33 సార్లు, అల్లాహు అక్బర్ 34 సార్లు పలకమని నేర్పారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది.

దీనిని తరగతిలో బోధించే మేమే ఒకప్పుడు ఇంట్లో వాదనగా వాడుకున్నాము. మా ఇంటావిడ యంత్రం మాట ఎత్తినప్పుడు, ఫాతిమా (రజి) గారు తిరగలి విసరలేదా అన్నాము. ఆవిడ మారు మాట్లాడలేదు. ఆ రమజాన్ చివరి పది రోజులలో ఆవిడ మణికట్టుకు గుడ్డ చుట్టుకొని పదకొండు మందికి రొట్టెల పిండి పిసకడం చూశాము. ఇషా ముగించి, తరావీహ్‌కు నిలబడే ఓపిక లేక ఒరిగిపోయేది. ప్రతి ఏటా ఖుర్ఆన్ పూర్తి చేసే మనిషి ఆ ఏడు పదిహేనవ పారా దగ్గరే ఆగిపోయింది. దైవప్రవక్త (స) తమ కుమార్తెకు జిక్ర్ నేర్పారు. మేమో, యంత్రమూ ఇవ్వలేదు, జిక్ర్‌కు తీరికా మిగల్చలేదు. ఆయన ఇంట్లో ఉన్నంతసేపు ఇంటివారి పనులలో పాలుపంచుకునేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని ఆయిషా (రజి) గారు తెలిపిన హదీసును మేము అప్పుడు ఎందుకు ఎత్తలేదో అల్లాహ్‌కే తెలుసు.

మరుసటి ఏడు, చేసిన తప్పును సరిదిద్దుకునే తొందరలో దుకాణంలో ఉన్న వాటిలో అన్నిటికన్నా పెద్దది తెచ్చాము. డబ్బా మీద మూడున్నర లీటర్లని ఉంది. మొదటి ఇఫ్తార్ నాడే పలచని పచ్చడి గిన్నె మధ్య గొట్టం గుండా కారి మోటారు మీద పడింది. డబ్బా మీది అంకె గిన్నె అంచు వరకు లెక్కగట్టినదని, ద్రవాలు ఆ మధ్య గొట్టం ఎత్తు దాటకూడదని మాకు అప్పుడు తెలిసింది. కాబట్టి అంకెను చూసి మోసపోకండి. కూరగాయలకైనా గిన్నెలో మూడింట రెండు వంతులే నింపాలి, ద్రవాలకు ఇంకా తక్కువ. పిండి పిసకడానికి లీటర్ల లెక్క అసలే పనికిరాదు. ఒక విడతకు ఎన్ని గ్రాముల పిండి పడుతుందో యంత్రంతో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. కొనక ముందే దుకాణదారుని చేత ఆ పుట తెరిపించి చదవండి. చాలామంది అడగరు, మేమూ అడగలేదు. ఎంతసేపు ఆడించి ఎంతసేపు విరామం ఇవ్వాలో కూడా అందులోనే ఉంటుంది. భారం ఎక్కువై యంత్రం ఆగిపోతే పాడైందని కంగారు పడనక్కరలేదు. చాలా యంత్రాలకు అడుగున ఒక చిన్న మీట ఉంటుంది. ప్లగ్గు తీసి, చల్లారనిచ్చి, దానిని నొక్కితే మళ్ళీ తిరుగుతుంది.

మన వంటలలో ఏది దీనికి తగినదో కూడా తెలుసుకోవాలి. ఉల్లిపాయలు, క్యారెట్ కోరు, రొట్టెల పిండి, షామీ కబాబ్‌కు ఉడికించిన మాంసం, శనగపప్పు ఇది బాగా చేస్తుంది. ఖీమాకు ఎముక లేని మాంసాన్ని చల్లగా ఉన్నప్పుడే చిన్న ముక్కలుగా కోసి, ఆపి ఆపి తిప్పాలి. ఒక్క బిగిన తిప్పితే ముద్దయిపోతుంది. గారెల పిండికి మాత్రం రాతి గ్రైండర్‌కు సాటి లేదు. బ్లేడు కోస్తుంది, రాయి రుబ్బుతుంది. రాతిలో మినప్పిండి పొంగినట్లు బ్లేడు కింద పొంగదు. కనుక ఇంట్లో గ్రైండర్ ఉంటే దానిని అమ్మేయకండి. హలీం విషయంలో ఒక హెచ్చరిక: పొయ్యి మీది నుండి దించిన వేడి మాంసాన్ని మూత బిగించి తిప్పితే ఆవిరి మూతను ఎగరగొడుతుంది, చేతులు కాలుతాయి. బాగా చల్లారనిచ్చి తిప్పాలి. ఓపిక ఉంటే కర్రతో ఎనపండి. తీగ సాగే ఆ రుచి బ్లేడుకు రాదని మా ఇంటి తీర్పు.

ఇక ధర మాట. పండుగ ప్రకటనలలో వడ్డీ లేని వాయిదాలు అని రాస్తారు. క్రెడిట్ కార్డు లెక్కలో చూస్తే తరచుగా వడ్డీ వేసే ఉంటుంది, దుకాణం అంత సొమ్మును తగ్గింపుగా చూపుతుంది, ఆ వడ్డీ మీద జీఎస్టీ మనమే కడతాము. ఇటువంటి ఒప్పందం మీద సంతకం చేసే ముందు దగ్గరలోని ముఫ్తీ గారికి కాగితం చూపించండి. మా మట్టుకు మేము నెలనెలా కొంత దాచి, రొక్కమిచ్చి కొన్నాము. ఆరు నెలలు ఆలస్యమైంది, అంతే.

ముగ్గురు నలుగురే ఉండే ఇంటికి ఇంత పెద్దది దుబారాయే. వారికి మామూలు మిక్సీ చాలు. ఏడాదిలో రెండు పండుగలకే పెద్ద యంత్రం కావలసిన వారు పొరుగింటిని అడగవచ్చు. మాఊన్ సూరాలో నిత్యావసర వస్తువులను ఇరుగుపొరుగుకు ఇవ్వని వారిని అల్లాహ్ మందలించాడు. ఆ మాటకు కుండ, చేద, గొడ్డలి వంటివని వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. ఆ వరుసలో ఫుడ్ ప్రాసెసర్‌నూ చేర్చవచ్చని మా అభిప్రాయం. అన్నట్లు, ఈ యంత్రం చప్పుడు గోడ దాటి వినిపిస్తుంది. సహరీ వేళ ముస్లిమేతర పొరుగువారు నిద్రలో ఉంటారు. సహరీకి కావలసినవి రాత్రే సిద్ధం చేసుకుంటున్నాము.

ఇప్పుడు రమజాన్‌లో మా యంత్రం జుహర్ వరకే మా ఇంట్లో ఉంటుంది. తరువాత మా పెద్దకోడలు దానిని పక్కింటికి ఇచ్చి వస్తుంది. ఇఫ్తార్‌కు కాస్త ముందు వారు గిన్నె కడిగి, తుడిచి, అందులో నాలుగు సమోసాలు పెట్టి తిరిగి పంపిస్తారు.