విదేశ ప్రయాణంలో మన ఫోను



వూరెళ్ళేటప్పుడు మనం ఏం చేస్తాం? గ్యాసు కట్టేస్తాం, కుళాయిలు బిగిస్తాం, పాలవాడికి చెబుతాం. ఆఖరున తలుపుకు తాళం వేసి, తాళంచెవుల గుత్తి భద్రంగా దాచుకుంటాం. ఆ గుత్తిని ఎక్కడో పారేసుకునే ఇల్లాలు వుంటుందా అంటే, వుంది. నేనే!

నిరుడు మా అత్తగారిని తీసుకుని అమెరికాలో, డాలస్‌లో వున్న మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాను. రెండు నెలలు వున్నాం. దిగిన మర్నాడే వాళ్ళు అక్కడి సిమ్ము ఇప్పించారు. వాట్సాప్‌లో మాట్లాడుకుంటున్నాం కదా, ఇక దీంతో పనేముందని మన సిమ్ము తీసి కుంకుమభరిణెలో పెట్టేశాను. మూడు వారాలు హాయిగా గడిచాయి. ఒకరోజు మావారు ఫోను చేశారు. అబ్బాయి కాలేజీ ఫీజుకు మర్నాడే ఆఖరు రోజట. ఆ డబ్బు నా పేరున బ్యాంకులో వుంది. సరే, ఇక్కణ్ణించే పంపుదామని కూర్చున్నాను. బ్యాంకువాళ్ళు ఓటీపీ పంపామన్నారు. ఎక్కడికి? భరిణెలో వున్న నెంబరుకి! తీసి ఫోనులో వేస్తే సిగ్నల్ లేదు. బయలుదేరేముందు రోమింగ్ పెట్టించుకోలేదు మరి. ఇప్పుడు పెట్టించుకుందామంటే దానికీ ఆ నెంబరుకే ఓటీపీ! చివరకు మావారు తోటి ఉద్యోగి దగ్గర చేబదులు తెచ్చి కట్టారు. నా డబ్బు నాకే అందలేదు. ఫోను నెంబరంటే మాట్లాడుకునేది మాత్రమే కాదు, తాళంచెవుల గుత్తి అని ఆరోజు తెలిసింది.

అసలు రోమింగ్ అంటే ఏమిటి? మన ఫోను పరాయిదేశంలో కళ్ళు తెరవగానే అక్కడి కంపెనీకి తన వూరూ పేరూ చెప్పుకుంటుంది. వాళ్ళు మన కంపెనీని, "ఈ పిల్ల మీ ఇంటిదేనా?" అని అడుగుతారు. "మాదే, ఖర్చు మేం చూసుకుంటాం" అని ఇక్కడివాళ్ళు ఒప్పుకుంటేనే సిగ్నల్ వస్తుంది. అంచేత బయలుదేరేముందే రోమింగ్ పెట్టించుకోవాలి. అక్కడికి వెళ్ళాక చూద్దాంలే అనుకుంటే నా గతే.

ఇక ఖర్చు సంగతి. మన దేశంలో వచ్చిన ఫోను ఎత్తితే పైసా పడదు. విదేశంలో రోమింగ్‌లో ఎత్తితే మనకే పడుతుంది. ఎందుకంటే, చేసినవారు విజయవాడ నెంబరుకే చేశామనుకుంటారు, అంతవరకే వాళ్ళు ఇచ్చుకుంటారు. అక్కణ్ణించి డాలస్ దాకా వచ్చే ఖర్చు మనది. ఎస్సెమ్మెస్ రావడానికి మాత్రం సాధారణంగా డబ్బు తీసుకోరు. ఓటీపీలు వచ్చేది ఆ దారినే గనుక మనకు కావలసిందీ అదే.

అన్నిటికంటే ఎక్కువ మింగేది డేటా. మాట్లాడితే మనకు తెలుస్తుంది. ఫోను మనకు చెప్పకుండానే ఫోటోలు దాచుకుంటుంది, యాప్‌లు సరిచేసుకుంటుంది. అందుకని సెట్టింగ్స్‌లో "డేటా రోమింగ్" అనే మీట వుంటుంది, దాన్ని విమానం ఎక్కకముందే ఆపెయ్యండి. అది ఆపినా ఎస్సెమ్మెస్‌లు వస్తూనే వుంటాయి. వాట్సాప్ ఇంట్లో వైఫైతో నడుస్తుంది.

విమానంలో ఫ్లైట్ మోడ్ పెట్టమని చెబుతారు కదా. కొన్ని విమానాల్లో సొంత నెట్‌వర్క్ వుంటుంది, మన ఫోను దానికి తగులుకుంటే ఛార్జీలు బాగా ఎక్కువ. అంచేత మరవకండి. దోహాలోనో దుబాయిలోనో విమానం మారేవాళ్ళు, ప్యాక్ తీసుకునేటప్పుడు ఆ దేశం కూడా అందులో వుందా, రోజు అంటే ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ముగుస్తుంది అని అడిగి తెలుసుకోండి.

ఎక్కువ రోజులు వుండేవాళ్ళకు అక్కడి సిమ్మే చౌక. అయితే మనది తీసెయ్యక్కర్లేదు. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి రెండు సిమ్ములు పడతాయి. ఇంటర్నెట్టుకూ మాటలకూ అక్కడిది, ఓటీపీలకు మనది. కొత్త సిమ్ము వేశాక నెంబరు మార్చమంటారా అని వాట్సాప్ అడిగితే వద్దనండి. పాత నెంబరుతోనే నడుస్తుంది.

మన నెంబరు గడువు అయిపోకుండా ఇంట్లోవాళ్ళ చేత రీఛార్జి చేయిస్తూ వుండండి. ప్రీపెయిడ్ సిమ్ము వరుసగా 90 రోజులు ఏ వాడకమూ లేకుండా, 20 రూపాయల నిలవైనా లేకుండా వుంటే దాన్ని రద్దు చెయ్యవచ్చు. ఆ నెంబరు తర్వాత ఇంకొకరి చేతికి పోవచ్చు. మన తాళంచెవులు ఎవరికో ఇచ్చినట్టే కదా!

పెద్దవాళ్ళు వాడే పాత బటన్ల ఫోను అమెరికాలో పనిచేస్తుందనుకోకండి. అక్కడి పెద్ద కంపెనీలు 2022లో 3జీని కూడా ఆపేశాయి. 4జీలో మాట్లాడగలిగే ఫోను కావాలి. మనవాళ్ళ నెంబర్లన్నీ ముందు +91 చేర్చి దాచుకోండి. అప్పుడు ఏ దేశంలో నొక్కినా కలుస్తాయి. అమెరికాలో ఆపద వస్తే 911. మన దేశంలో 112 లాంటిదే.

ఆఖరు మాట. "అబ్బాయి చూసుకుంటాడులే, ఆయన చేస్తారులే" అని వదిలెయ్యకండి. ప్రయాణానికి వారం ముందే మీరే ఫోను చేతికి తీసుకుని, డేటా రోమింగ్ మీట ఎక్కడుందో వేలుపెట్టి చూడండి. ఓటీపీ మాత్రం, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామన్నా సరే, ఎవరికీ చెప్పకండి. పచ్చళ్ళూ పొడులూ సూట్‌కేసులో సర్దుకోవడానికి పెట్టే శ్రద్ధలో పదో వంతు దీనిమీద పెడితే చాలు. మన డబ్బు కోసం ఎవరినీ చేబదులు అడగక్కర్లేదు.