చలిలోఁ బరుగు – ఎగయూపిరి



మార్గశిర పుష్యమాసములలో తెల్లవాఱుజామున ఊరిబాటలవెంటఁ బరుగెత్తు యువకులను మీరు చూచుచునే యుందురు. పోలీసుకొలువు గోరువారు 1600 మీటర్ల పరుగుపరీక్షకై యిట్లు సాధన చేయుచున్నారు. వారిలో నొకఁడు దగ్గుచు, ఱొమ్ము పట్టుకొని చతికిలఁబడినచో “వీఁడు తిండికేకాని పనికిరాఁడు” అని మన మనుకొనుట వాడుక. ఆ మాట యెల్లయెడల న్యాయము గాదని మనవి చేయుటకే యీ ప్రసంగము. వేసవిపరుగులో ముందుండు బాలుఁడే సంక్రాంతినాఁటి చలిలో దగ్గుచు వెనుకఁబడుట పాఠశాలలో నేను పలుమాఱులు చూచితిని. సోమరితనము ఋతువును జూచి వచ్చునా?

ఆయాసమంతయు రోగము గాదు. చరకసంహితలో శ్వాసరోగము లైదుగాఁ జెప్పఁబడినవి. అందు క్షుద్రశ్వాసము శ్రమవలనఁ బుట్టి విశ్రాంతితోఁ దానే యణఁగును. తమకశ్వాస మట్టిది గాదు. మబ్బు, వాన, చలి, తూర్పుగాలి దానిని పెంచునని యా గ్రంథమే చెప్పుచున్నది. మనము ఉబ్బస మనునది యిదియే.

చలి దాని నేల పెంచును? ముక్కు ఊపిరికి ద్వారపాలకుఁడు. లోనికిఁ బోవు గాలిని వెచ్చఁజేసి, తడిపి, దుమ్ము వడగట్టి పంపును. ఊరక కూర్చున్నపుడు నిమిషమునకు 6 మొదలు 8 లీటర్ల గాలి చాలును. గట్టిపరుగులో నది పదిరెట్లకు మించును. అపుడు ముక్కు చాలక నోరు తెఱవవలసి వచ్చును. చలిగాలిలోఁ దేమ తక్కువ. అది నేరుగా శ్వాసనాళములఁ జొచ్చి, లోపలిపొరయందలి తడిని, వేఁడిని హరించును. అంతట ఉబ్బసతత్త్వము గలవారిలో నాళములచుట్టునున్న కండరములు బిగియును; దారి యిఱుకగును; పిల్లికూతలు వినఁబడును.

దీనిని గుర్తించు టెట్లు? అలిపిరినుండి తిరుమలకు 3550 మెట్లెక్కు యాత్రికుఁడు వగర్చుట సహజము; దేహభారమంతయుఁ బైకెత్తవలెను గదా. కూర్చుండిన కొలఁది నిమిషములలోఁ దగ్గినచో నది సామాన్యమైన అలసటయే. ఉబ్బసమైనచో తఱచుగాఁ బరుగు మానిన పిదపనే 5 మొదలు 15 నిమిషములలో ముదిరి, ఇంచుమించు గంటలోఁ దగ్గును. దగ్గు, ఱొమ్ము బిగువు దానికిఁ దోడు. రక్తహీనతవలనను మెట్టయెక్కునపు డాయాసము రావచ్చును.

మనవంటి వయసు మీఱినవారికి వేఱొక హెచ్చరిక గలదు. ఎత్తెక్కునపుడు ఱొమ్ముపై బరువు పెట్టినట్లుండుట, నొప్పి చేతికో దవడకో ప్రాఁకుట, చల్లనిచెమట పట్టుట గుండెజబ్బునకు సూచనలు. “వాయువు” అని సోఁడా త్రాగి కూర్చుండరాదు; తత్క్షణమే ఆసుపత్రికిఁ బోవలెను. ఏ వయసువారికైనను మాట పెగలనంత యాయాసము గలిగి పెదవులు నీలివాఱినచో నదియే కర్తవ్యము.

ఇఁక జాగ్రత్తలు. పరుగునకు ముందు 10 మొదలు 15 నిమిషములు నడచి, మెల్లగా వేగము పెంచవలెను. ముక్కునకు నోటికి పలుచనిగుడ్డ చుట్టినచో లోనికిఁ బోవు గాలి వెచ్చనగును. చలి మిక్కిలిగా నున్ననాఁడు ప్రొద్దెక్కిన పిమ్మట పరుగెత్తుట మేలు. ఆకులు, చెత్త తగులఁబెట్టిన పొగలోఁ బరుగెత్తరాదు. వైద్యుఁడు పీల్చుమందు నిచ్చినచో అతఁడు చెప్పిన తీరున పరుగునకు ముందే పీల్చుకొనవలెను. అది కల్లువలె వ్యసన మగునని భయపడి మానుట తగదు. మాటిమాటికి దాని యవసరము కలుగుచున్నచో వైద్యుని మరల చూడవలెను.

ఈ వ్యాధి గలవారు పరుగునకుఁ బనికిరా రనుకొనవలదు. పౌలా రాడ్‌క్లిఫ్ అను ఆంగ్లవనితకు ఉబ్బసము గలదు. అయినను ఆమె 2003లో లండను మారథానును 2 గంటల 15 నిమిషముల 25 సెకండ్లలో ముగించి, స్త్రీలలో నానాఁటి ప్రపంచరికార్డును నెలకొల్పెను.

కావున పెద్దలారా, దగ్గుచుఁ గూలఁబడిన పిల్లవానిని ఎగతాళి చేసినచో వాఁడు రోగమును దాఁచును. దాఁచిన రోగ మొకనాఁడు ప్రాణముమీఁదికిఁ దెచ్చును. “నాయనా, ఈ దగ్గు పరుగులో వచ్చునా, పరుగు మానినపిదప వచ్చునా?” అని వాని నడిగి, వైద్యునికడకుఁ బంపుఁడు.