డల్లాస్ చౌకే, కానీ ఎవరికి?

కేంద్ర ప్రభుత్వోద్యోగి హైదరాబాద్‌లో పనిచేస్తుంటే ఇంటద్దె భత్యం కింద మూలవేతనంలో 30 శాతం వస్తుంది. అదే ఉద్యోగిని జహీరాబాద్‌కు బదిలీ చేస్తే 10 శాతమే. 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు వంద కిలోమీటర్ల దూరానికి, యాభై వేల మూలవేతనం మీద నెలకు పది వేల తేడా. ఊరిని బట్టి ఖర్చు మారుతుందని సర్కారే ఒప్పుకుని లెక్కగట్టిందన్నమాట. అమెరికా సంగతి వచ్చేసరికి మాత్రం ఆ దేశమంతా ఒకే ఊరన్నట్టు మాట్లాడతాం. ‘మీవోడి జీతమెంత?’ అని అడిగి, డాలర్లను రూపాయల్లోకి మార్చి నోరెళ్లబెడతాం. ‘ఏ ఊళ్లె ఉంటడు?’ అని అడిగేవాళ్లు తక్కువ. అసలు లెక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

కాలిఫోర్నియాలోని శాన్‌హోసే ప్రాంతంలో 2024 మధ్యలో ఇళ్ల మధ్యస్థ ధర 20 లక్షల డాలర్లు దాటింది. డల్లాస్ ప్రాంతంలో అది నాలుగు లక్షల చుట్టుపక్కలే. హ్యూస్టన్, కొలంబస్‌లలో ఇంకా తక్కువ. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ముందుముందు కూడా వేయకూడదని 2019లో ఓటర్లు రాజ్యాంగంలోనే రాసేశారు. కాలిఫోర్నియాలో ఆ పన్ను పై శ్లాబులో 13.3 శాతం. టొయోటా తన ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయాన్ని లాస్ ఏంజెలెస్ పక్కనున్న టోరెన్స్ నుంచి డల్లాస్ పక్కనున్న ప్లేనోకు మార్చి, 2017లో కొత్త ప్రాంగణం తెరిచింది. ఇలాంటి కంపెనీల వెంట ఐటీ ప్రాజెక్టులు, వాటి వెంట మనవాళ్లు. ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో పేర్లు ఇవాళ తెలంగాణ పల్లెల్లో కూడా వినపడడానికి కారణం ఇదే.

హ్యూస్టన్ చౌకదనానికి వేరే కారణం ఉంది. ఏ స్థలంలో ఏం కట్టాలో శాసించే జోనింగ్ చట్టం ఆ నగరానికి లేదు. పెడదామా అని మూడుసార్లు, ఆఖరున 1993లో, ఓటింగ్ పెడితే జనం వద్దన్నారు. చుట్టూ చదును నేల. ఇళ్లు కట్టుకుంటూ పోవడానికి అడ్డే లేదు. అంత విచ్చలవిడిగా పరుచుకున్న ఊరిని 2017లో హార్వీ తుపాను ముంచెత్తింది. టెక్సాస్‌లో ఇంటి బీమా ఖరీదు వెనుక ఇలాంటి తుపానులు, వడగళ్ల వానలు ఉన్నాయి.

చౌక ఊళ్లు ఒక చేత్తో ఇచ్చింది రెండో చేత్తో ఎలా తీసుకుంటాయో చూడాలంటే టెక్సాస్ ఆస్తి పన్నును చూడాలి. చాలాచోట్ల అది ఇంటి విలువలో రెండు శాతానికి అటూఇటూ ఉంటుంది. నాలుగు లక్షల డాలర్ల ఇంటికి, మినహాయింపులు పక్కన పెడితే, ఏడాదికి ఎనిమిది వేలు. అప్పు తీరాక కూడా ఇది తీరదు. మున్సిపాలిటీకి ఏడాదికోసారి ఇంటి పన్ను కట్టి మరిచిపోయే జహీరాబాద్ తల్లిదండ్రులకు, సొంతింట్లో ఉంటూ నెలకు ఆరేడు వందల డాలర్లు కట్టడమేమిటో ఒక పట్టాన అర్థం కాదు. దానికి తోడు ఎండాకాలపు ఏసీ బిల్లు. ఇంటికి రెండు కార్లు సరేసరి. డల్లాస్‌కూ ఫోర్ట్‌వర్త్‌కూ మధ్యనున్న ఆర్లింగ్టన్ జనాభా నాలుగు లక్షలకు దగ్గర. అంత ఊళ్లో నిర్ణీత మార్గాల్లో తిరిగే సిటీ బస్సు వ్యవస్థ లేదు. కొత్త కారు కొని నడపడానికి, కాలంతో పాటు తగ్గే దాని విలువతో కలిపి, ఏడాదికి 12 వేల డాలర్లకు పైనే అవుతుందని అక్కడి వాహనదారుల సంఘం ‘ఏఏఏ’ 2024లో లెక్క చెప్పింది.

మరి ఏ ఊరు చౌకో తేల్చే సూచికలు ఏం చేస్తున్నాయి? వాటిలో పేరున్నది సీ2ఈఆర్ అనే సంస్థ ఇచ్చేది. 1968 నుంచీ నడుస్తోంది. కిరాణా, ఇల్లు, కరెంటు, రవాణా, వైద్యం వగైరా ధరలు ఊరూరా సేకరించి, సగటును 100గా పెట్టుకుని మార్కులేస్తారు. పన్నులు అందులో ఉండవు. అంటే టెక్సాస్‌కు ఉన్న పెద్ద లాభమూ, పెద్ద భారమూ రెండూ ఆ అంకెలో కనపడవు. పైగా ఆ బుట్ట తెలుగు వంటింటిది కాదు. 2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించగానే అమెరికాలోని ఇండియన్ స్టోర్ల ముందు క్యూలు కట్టినవాళ్లలో మనవాళ్లే ముందున్నారు. సోనా మసూరి సంచి కోసం కొట్లాడిన ఇంట్లో ఆ నెల జీవన వ్యయం ఎంత పెరిగిందో ఏ సూచికా చెప్పలేదు.

ఊరి కన్నా కొన్నిసార్లు తేదీ ముఖ్యం. 2021 జనవరిలో ముప్పై ఏళ్ల గృహరుణంపై సగటు వడ్డీ 2.65 శాతానికి పడిపోయింది. 2023 అక్టోబరుకు 7.79కి ఎగబాకింది. మూడు లక్షల ఇరవై వేల డాలర్ల అప్పును మొదటి రేటుకు తీసుకున్నవారి కిస్తీ నెలకు 1,290 డాలర్లయితే, రెండో రేటుకు తీసుకున్నవారిది 2,300. ఒకే వీధిలో, ఒకేలాంటి ఇళ్లలో ఉంటున్న ఇద్దరిలో ఒకరికి డల్లాస్ చౌక, ఇంకొకరికి ప్రియం. ఈ తేడా ముందు నగరాల ర్యాంకులు చిన్నబోతాయి.

చౌక ఒక్కటే చూసుకునే మాటైతే మనవాళ్లంతా పిట్స్‌బర్గ్‌లో ఉండాల్సింది. ఉక్కు కర్మాగారాలు వెలిగిన రోజుల్లో, 1950లో, ఆ నగర జనాభా దాదాపు 6.8 లక్షలు, 2020 నాటికి మూడు లక్షలు. ఎక్కువమంది కోసం కట్టిన ఇళ్లు తక్కువమందికి మిగిలాయి కాబట్టి అమెరికా పెద్ద నగరాల్లో ఇళ్లు అందుబాటులో ఉన్న చోటుగా దానికి పేరుంది. వేంకటేశ్వరస్వామి ఆ ఊరి శివారు పెన్ హిల్స్‌లో 1970ల్లోనే కొలువుతీరాడు. భక్తులు ఎక్కడెక్కడి నుంచో కార్లు వేసుకుని దర్శనానికి వెళ్తారు. కాపురాలు మాత్రం ఎక్కువగా ఉద్యోగాలున్న టెక్సాస్, న్యూజెర్సీ వైపే.

పట్టికల్లో కనపడని పద్దు ఇంకొకటి ఉంది. చంటిపిల్లను డే కేర్‌లో వేస్తే చాలా నగరాల్లో నెలకు వెయ్యి డాలర్లకు పైనే. అందుకే విజిటర్ వీసా మీద అమ్మమ్మలు, నానమ్మలు వంతులవారీగా ఆర్నెల్లకొకరు విమానమెక్కుతుంటారు. జహీరాబాద్‌లో రోజూ జొన్నరొట్టె కొట్టిన చేతులు అక్కడ ఎలక్ట్రిక్ పొయ్యి మీద అదే రొట్టె కాలుస్తూ, ఒక ఇంటి బడ్జెట్‌ను నిలబెడతాయి. ఆర్థికవేత్తలు దీనికి ధర కట్టరు. కడితే డల్లాస్ ర్యాంకు మారుతుందేమో!

చదువుకోడానికి వెళ్లే పిల్లల లెక్క ఇంతకన్నా బిగువు. యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రంలో ఫీజుతో పాటు జీవన వ్యయం అంచనా కూడా ఉంటుంది. లోను ఇచ్చే బ్యాంకూ, కుదువ పెట్టే తండ్రీ ముందు చూసేది ఫీజునే. రెండో వరుసనూ అంతే జాగ్రత్తగా చదవాలి. చదువు సాగే రోజుల్లో విద్యార్థి వీసా మీద క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. టెక్సాస్‌లో కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, 2009 నుంచీ కదల్లేదు. ఆ రేటుకే పని దొరికితే వారానికి 145 డాలర్లు. కాలిఫోర్నియాలో కనీస వేతనం దీనికి రెట్టింపు పైమాటే, అద్దె కూడా దానికి తగ్గట్టే. నలుగురు కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుని, హాల్లో కూడా పరుపులు వేసుకునేది వారం వారం వచ్చే ఈ 145 డాలర్లతో నెల నెట్టుకురావడానికే.