కూర్చోనివ్వని గడ్డకు ఏ ఆపరేషన్?

బైక్ మీద స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ప్రాణం పోయినంత పనయ్యేది. పిరుదుల మధ్య చీలికకు పైన, తోకఎముక దగ్గర చిన్న గడ్డ. ఇంట్లో అందరూ మొలలే అన్నారు. సర్జన్ మాత్రం చూడగానే ‘పైలోనిడల్ సైనస్’ అన్నారు. లాటిన్‌లో ‘పైలస్’ అంటే వెంట్రుక, ‘నైడస్’ అంటే గూడు.

రాలిన వెంట్రుకలు రాపిడికి చర్మంలోకి గుచ్చుకుని లోపల సొరంగం చేస్తాయి. అందులో చీము పడుతుంది. కుర్రాళ్లకు ఎక్కువ, అమ్మాయిలకూ వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో వేలమంది అమెరికన్ సైనికులు దీంతో ఆస్పత్రుల్లో చేరారు. జీపుల కుదుపులే కారణమనుకుని దీన్ని ‘జీప్ జబ్బు’ అనేవారు.

చీము తీస్తే పోతుందా?

నాకు మొదట చేసింది అదే. గాటు పెట్టి చీము తీశారు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. కానీ సొరంగం అలాగే ఉంది కదా! నాలుగు నెలలకు మళ్లీ రసి కారింది. ఇక అసలు ఆపరేషన్ తప్పలేదు. అప్పటికి నాది కొత్త ఉద్యోగం, ఇంకా ప్రొబేషన్. ఎన్ని రోజులు సెలవు పెట్టాలన్నదే నా బెంగ.

నా ముందున్న దారులు

కోసి, కుట్టకుండా వదిలేయడం: గాయం అడుగు నుంచి మెల్లగా పూడాలి. వారాలు, ఒక్కోసారి నెలలు డ్రెస్సింగ్ తప్పదు.

చీలిక మధ్యలోనే కుట్టేయడం: త్వరగా మానుతుంది. కానీ చెమట, వెంట్రుకలు చేరే చోటే కుట్లు పడతాయి కాబట్టి తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

ఫ్లాప్: చెడిన భాగం తీసేసి, పక్కనున్న చర్మాన్ని, కొవ్వును జరిపి కప్పుతారు. లింబర్గ్ పద్ధతిలో డైమండ్ ఆకారంలో కోస్తారు. గ్రీసు సర్జన్ కరిడాకిస్ పద్ధతిలో కుట్ల గీత చీలికకు పక్కగా వస్తుంది. చీలిక లోతు తగ్గుతుంది, తిరగబెట్టడమూ తక్కువే. మచ్చ మాత్రం పెద్దది. కొన్నాళ్లు అక్కడ తిమ్మిరిగానూ ఉంటుంది.

చిన్న కోతలు: పిట్ పికింగ్, లేజర్, సన్నని కెమెరాతో లోపల శుభ్రం చేయడం. త్వరగా పనికి వెళ్లొచ్చు. చిన్న సైనస్‌కు బాగుంటాయి. పెద్దవాటిలో తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

నాది రెండు పాయలుగా ఉన్న సైనస్. అందుకే ఫ్లాప్‌కు ఒప్పుకున్నా. రెండు వారాలకు కుట్లు విప్పారు, నాలుగో వారం ఆఫీసుకెళ్లా. మచ్చ ఎవరికి కనిపిస్తుంది గనక!

సర్జన్‌ను ఇవి అడగండి

కుట్లు మధ్యలో వేస్తారా, పక్కకా? డ్రెస్సింగ్ ఎన్ని రోజులు? తిరగబెడితే తర్వాతేంటి? ఆపరేషన్ అయ్యాక కూడా ఆ చోటు శుభ్రంగా, పొడిగా ఉండాలి. వెంట్రుకలు ఎలా తీయించుకోవాలో డాక్టర్‌నే అడగండి. గడ్డ ఎర్రగా వాచి జ్వరం వస్తే మాత్రం సిగ్గుపడి ఆగొద్దు, వెంటనే చూపించుకోండి.