ఆవిరి యంత్రానికి అప్పగించని డాలరు

అమెరికా మోర్గాన్ వెండి డాలర్లను ఏడాదివారీగా పోగుచేసేవాళ్లంతా ఒక దగ్గర ఆగిపోతారు: ఫిలడెల్ఫియా, 1895. టంకశాల లెక్కల్లో ఆ ఏడాది మామూలు డాలర్లు 12,000 కొట్టినట్టుంది. వాటిలో అసలుదని తేలినది ఇంతవరకు ఒక్కటీ లేదు. దొరికేవల్లా సేకరణదారుల కోసం విడిగా చేసిన 880 ప్రూఫ్ నాణేల్లో మిగిలినవే. చేతులు మారి అరిగిన డాలర్ల వరసలో అద్దపు మెరుపున్న ఈ ఒక్కదాన్ని పెట్టాలా, ఆ గడి ఖాళీగా వదలాలా? తేల్చుకునే ముందు ఈ నాణెం పుట్టుక తెలియాలి.

వెడల్పాటి వెండి బిళ్ల మొదటినుంచీ మొండిదే. 1794లో ఫిలడెల్ఫియాలో తొలి డాలర్లు కొట్టినప్పుడు అక్కడున్నది చిన్న నాణేలకు సరిపోయే స్క్రూ ప్రెస్. మనుషులు అడ్డకడ్డీ పట్టుకు తిప్పితే మర దిగి, పై అచ్చు బిళ్లను నొక్కుతుంది. కరగకుండానే లోహం అచ్చు గుంటల్లోకి పాకాలి. బిళ్ల వెడల్పయ్యేకొద్దీ అదే బలం ఎక్కువ మేర పంచుకుపోతుంది. పాపం, చాల్లేదు. నక్షత్రాలు ఒక పక్క మసకగా పడ్డాయి. టంకశాల బయటికిచ్చినవి 1,758.

యూరప్ టంకశాలలు చూసొచ్చిన ఫ్రాంక్లిన్ పీల్ 1836 మార్చిలో ఆవిరి ప్రెస్ నడిపించాడు. మడిచిన మోకాలు చాచినట్టు దాని లివర్ నిటారై బలాన్ని కిందికి తోస్తుంది. అప్పటినుంచి డబ్బు వేగంగా పుట్టింది. ప్రూఫ్‌లను మాత్రం ఆ వేగానికి అప్పగించలేదు. దశాబ్దాలపాటు పాత స్క్రూ ప్రెస్ మీదే కొట్టి, 1890ల్లో హైడ్రాలిక్ ప్రెస్‌కు మారారు. నిదానమైన ఒత్తిడిలో లోహం గుంటల అంచులదాకా చేరుతుంది.

అసలు తెలివి అచ్చులో ఉంది. నాణెం మీద ఎత్తుగా కనిపించే బొమ్మ, అచ్చులో గుంట. నాణెంలో చదునైన నేల, అచ్చులో ఎత్తు. మెరుగు పెడితే అచ్చు ఎత్తు భాగాలే అద్దంలా తేలుతాయి, గుంటల గరుకు అలాగే మిగులుతుంది. అందుకే నేల నల్లగా మెరుస్తుంటే, లిబర్టీ ముఖం మంచు పట్టినట్టు తెల్లగా ఉంటుంది. కొట్టగా కొట్టగా గుంటల గరుకూ అరిగి ఆ తేడా తగ్గుతుంది. ఒక అచ్చు తొలి నాణేలకు ధర ఎక్కువ పలికేది ఇందుకే.

ఇక్కడే ఒక ఉచ్చు. కొత్తగా మెరుగుపెట్టిన అచ్చుతో కొట్టిన మామూలు మోర్గాన్ కూడా అద్దంలా మెరుస్తుంది. మెరుపును నమ్మకండి, అంచు చూడండి. ప్రూఫ్ అంచు చదరంగా, పదునుగా తేలుతుంది. లిబర్టీ చెవి పైనున్న జుట్టు పాయలు విడివిడిగా కనిపిస్తాయి.

పోయిన ఆ 12,000 ఏమయ్యాయి? 1918లో కరిగిపోయాయని ఒక ఊహ. అసలు కొట్టనేలేదని మరో వాదన, నేను దానివైపే. కరిగించడం మాత్రం నిజం. యుద్ధకాలంలో భారత్‌లో నోట్లిచ్చి వెండి రూపాయిలు అడిగేవాళ్లు పెరిగి, బ్రిటిష్ ప్రభుత్వానికి వెండి కరువైంది. పిట్‌మన్ చట్టం కింద అమెరికా 27 కోట్లకు పైగా డాలర్లు కరిగించింది. అందులో సింహభాగం మన రూపాయిల కోసమే. మన ఇళ్లలో దాచిన ఐదో జార్జి రూపాయిల్లో ఆ వెండి కొంత ఉండే ఉంటుంది.

నన్నడిగితే, డబ్బుగా తిరిగిన నాణేల వరసలో 1895 గడి ఖాళీగా ఉండటమే న్యాయం. ఆ ఏడాది ఫిలడెల్ఫియా మామూలు డాలరు జనంలోకి వచ్చిన ఆనవాలే లేదు కదా. చెక్కినవాడి పనితనం చూడాలనుంటే, 2023లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టిన ప్రూఫ్ మోర్గాన్ ఒకటి కొని, వేరే పెట్టెలో పెట్టుకోవచ్చు. దాన్ని గుడ్డతో తుడవొద్దు. మెత్తటి గుడ్డ కూడా అద్దపు నేల మీద సన్నని గీతలు పెడుతుంది, అవి మళ్లీ పోవు.

కాదు, 1895దే కావాలంటే ముందు వెనకవైపు చూడండి, ఆకుల దండ ముడి కింద. న్యూ ఆర్లీన్స్ టంకశాల గుర్తు 'ఓ', శాన్‌ఫ్రాన్సిస్కో గుర్తు 'ఎస్' గీకేసి, ఏ గుర్తూ లేని ఫిలడెల్ఫియా నాణెంగా అమ్మినవి చాలానే ఉన్నాయి. భూతద్దం కింద అక్కడ నేల తీరు తేడాగా ఉంటే బేరం అక్కడితో ఆపేయండి.