గోలకొండ వ్రాతపుస్తకములు

దస్తూరి చక్కగా నుండవలెనని పిల్లలను హెచ్చరింపని బడి యుండదు. తనకల్లు బడియైనను ధర్మవరము బడియైనను ఈ మాట వినబడుచునే యుండును. దస్తూరి, కలము, కాగితము అను మూడు మాటలును పారసీకము ద్వారా మనకు వచ్చినవి. తాటాకుపై గంటముతో గీయుట యెరిగిన జాతికి ఈ మాటలు ఊరక రాలేదు. వానితోబాటు ఒక గొప్ప విద్యయు వచ్చినది. ఆ విద్య తెలుగునేలపై రాజాదరమున వర్ధిల్లిన చోటు గోలకొండ.

కుతుబ్‌షాహీలు 1518 నుండి 1687 వరకు గోలకొండ నేలిరి. వారిలో ఇబ్రహీం కుతుబ్‌షా (1550-1580) మన సాహిత్యమునకు క్రొత్తవాడు కాడు. మన కవులు అతనిని మల్కిభరాముడనిరి. రాజ్యమునకు రాకముందు అతడు ఏడేండ్లు విజయనగరమున తలదాచుకొనెను. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అతనికే అంకితమిచ్చెను. ఆ ప్రభువు పుస్తకశాల కొరకే 1572లో హెరాత్ నగరమునకు చెందిన బాబా మీరక్ అను లేఖకుడు ఒక గొప్ప వైద్యగ్రంథమునకు ప్రతి వ్రాసెను. దాని పేరు ‘జఖీరా-యె-ఖ్వారజ్మ్‌షాహీ’. 12వ శతాబ్దిలో జుర్జానీ పారసీకమున రచించిన గ్రంథమది. రోగములను గూర్చిన పుస్తకమునకు బంగారు పూతలేల యని మనకు తోచవచ్చును. జ్ఞానము నిలువదగిన వస్తువనియు, నిలువదగినదానిని అందముగా నిలుపవలెననియు ఆనాటివారు తలచిరి. ఆ ప్రతి నేడు ఐర్లండు దేశమున, డబ్లిన్ నగరమందలి చెస్టర్ బీటీ గ్రంథాలయమున నున్నది.

అట్టి పుస్తకము ఒక్కచేతి పని కాదు. ముందుగా కాగితమునకు గంజి పూసి, ఆరిన పిమ్మట నున్నని రాతితో రుద్ది మెరుగు పెట్టుదురు. అట్టపై వరుసగా దారములు బిగించి, దానిపై కాగితముంచి వ్రేలితో ఒత్తుదురు. గీత గీయకయే పంక్తులేర్పడును. రెల్లుకలమును ఏటవాలుగా కోసి, దీపపు మసిని బంకతో కలిపిన సిరాలో ముంచి వ్రాయుదురు. కలపు మొన కాగితమునంటిన చోట పడిన చుక్కయే కొలత. ఏ అక్షరము ఎన్ని చుక్కల పొడవుండవలెనో గురువు చెప్పును. పారసీకులు మిక్కిలి మెచ్చిన నస్తాలీఖ్ లిపిలో పదము కుడినుండి యెడమకు మెల్లగా క్రిందికి జారుచు వచ్చును.

లేఖకుని పని ముగిసిన పిదప అలంకారకుడు పూనుకొనును. బంగారు రేకులను బంకతో నూరి కుంచెతో పూసి, మరల రాతితో మెరుగిడును. బదఖ్షాన్ గనులనుండి వచ్చిన రాజావర్తమును నూరి నీలిరంగు చేయును. చిత్రకారుడును, జిల్దు కట్టువాడును ఆ తరువాతివారు. పుస్తకము చివర లేఖకుని పేరు తరచుగా కనబడును. బంగారము పూసినవాని పేరు అరుదు.

16వ శతాబ్ది ఉత్తరార్ధమున గోలకొండలో సిద్ధమైన మరియొక చిత్రగ్రంథము ‘అన్వారె సుహేలీ’. అది లండన్ నగరమున విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమున నున్నది. పేరు పరాయిదైనను కథలు మనవే. పంచతంత్రము 6వ శతాబ్దిలో పహ్లవీ భాషకును, 8వ శతాబ్దిలో అరబ్బీకిని, పిమ్మట పారసీకమునకును పోయినది. 15వ శతాబ్ది తుదిదశలో హెరాత్‌లో హుసేన్ వాయిజ్ కాషిఫీ దానిని ఈ క్రొత్త పేరుతో తిరిగి చెప్పెను. చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభము చదివిన విద్యార్థి, ఈ పుస్తకపు బంధుత్వమును సులభముగనే గుర్తింపగలడు.

ఇబ్రహీం కుమారుడు మహమ్మద్ కులీ కుతుబ్‌షా పేరు మన సీమలో వేరొక కారణమున వినబడినది. 1565లో రక్కసి తంగడి యుద్ధానంతరము పెనుకొండ విజయనగరాధీశుల రాజధాని యయ్యెను. 1589లో దానిని ముట్టడించినవాడు ఈతడే. ముట్టడి ఫలింపలేదు. రెండేండ్లకు హైదరాబాదు నగరమును నిర్మింప మొదలిడిన ఈ రాజు స్వయముగా దక్కనీ భాషాకవి. స్వర్ణాలంకృతమైన అతని కవితాసంపుటి హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియమున నున్నది. ముట్టడి ఒక ఋతువుతో ముగిసినది. పుస్తకము నాలుగు శతాబ్దులకు మించి నిలిచినది.

1687లో ఔరంగజేబు గోలకొండను గైకొనగా రాజుల పుస్తకములు చెల్లాచెదరైనవి. ఆ యేడే మొగలులు శిరా సుబాను ఏర్పరచి, పెనుకొండను దాని ఏడు పరగణాలలో ఒకటిగ చేర్చిరి. మొగలుల రాజకార్యభాష పారసీకము. ఆ విధముగ పారసీకలిపి మన దఫ్తరములలోనికిని వచ్చినది. కావున హిందూపురము, పెనుకొండ ప్రాంతములలో పాత పెట్టె నడుగున సనదో దస్తావేజో దొరకుట అసంభవము కాదు. దానికి బంగారు పూత ఉండదు; అందముగను ఉండకపోవచ్చును. చదువరాని గీతలని పారవేసినచో ఒక గ్రామచరిత్రయే పోవును.

అట్టిది కంటబడినపుడు దానిని తడి తగులనీయరాదు; జిగురు పట్టీలు అంటింపరాదు; మడతలను బలవంతముగా విప్పరాదు. మొదట ఉర్దూ ఉపాధ్యాయునికి చూపవలెను. లిపి దగ్గరిదగుటచే తేదీనో పేరునో ఆయన పట్టుకొనవచ్చును. పూర్తిగా చదువుటకు పారసీకము నేర్చినవారు కావలెను. అట్టివారు నానాటికి తగ్గుచున్నారు. దస్తూరి దిద్దుకొను విద్యార్థులలో ఒక్కడైనను ఆ లిపి చదువ నేర్చినచో, మన సీమ కాగితములకు ఒక దిక్కు కలుగును.