ట్రేస్‌లో కెర్నల్ రాసేది వాక్యాలు కాదు

లైనక్స్ కెర్నల్ లోపల క్షణక్షణం ఏం జరుగుతోందో పట్టిచ్చే ఎఫ్‌ట్రేస్ 2008లో, కెర్నల్ 2.6.27తో వచ్చింది. స్టీవెన్ రోస్టెడ్ చేతి పని. కర్నూలు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో చదివే పిల్లలెవరైనా తమ ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఉంటే ఎఫ్‌ట్రేస్‌ను తెరిచి చూడొచ్చు. తెరవగానే పంక్తులు కనిపిస్తాయి: ప్రోగ్రామ్ పేరు, సీపీయూ నంబరు, సమయం, జరిగిన సంగతి. కెర్నల్ ఈ పంక్తుల్నే రాసుకుంటూ పోతోందని చాలామంది అనుకుంటారు. అది అపోహ. నమోదయ్యేవి వట్టి బైట్లు. మనం చదవబోయినప్పుడే అవి పంక్తులవుతాయి.

సీపీయూ ఒక పనిని పక్కనబెట్టి ఇంకో పనిని అందుకునే షెడ్ స్విచ్ సంఘటననే తీసుకుందాం. 64 బిట్ల యంత్రంలో దాని డేటా 64 బైట్లు. అందులో మొదటి 8 బైట్లు సంఘటనలన్నిటికీ ఉమ్మడి: రకం సంఖ్యకు 2, ఫ్లాగులకు 1, ప్రీఎంప్షన్ లెక్కకు 1, పీఐడీకి, అంటే పని గుర్తింపు సంఖ్యకు, 4. ఆ తర్వాతి 16 బైట్లలో దిగిపోతున్న పని పేరు ఉంటుంది. వీటన్నిటి ముందు 4 బైట్ల తలకట్టు. అందులో 5 బిట్లు పొడవుకు, 27 బిట్లు సమయానికి. ఆ సమయం కూడా గోడ గడియారంలో చూసే టైము కాదు, అదే సీపీయూలో ముందటి సంఘటన నుంచి గడిచిన నానోసెకన్లు. 27 బిట్లలో సుమారు 13.4 కోట్ల నానోసెకన్లే పడతాయి. వ్యవధి అంతకు మించితే సమయం కోసమే అదనంగా ఒక రికార్డు చేరుతుంది. ఉమ్మడి భాగంలో ప్రోగ్రామ్ పేరు లేదన్నది గమనించాలి. పంక్తి మొదట్లో కనిపించే పేరును, పీఐడీని బట్టి, కెర్నల్ విడిగా దాచుకున్న జాబితాలోంచి వెతికి తెస్తారు. దొరకకపోతే అక్కడ మూడు చుక్కలే కనిపిస్తాయి. చాలామంది దీన్ని లోపమనుకుంటారు.

‘ఏ గడి ఎక్కడుందో ఒకసారి తెలిస్తే చాలదా, ఆ స్థానాలనే కోడులో రాసేసుకోవచ్చు కదా’ అనొచ్చు. 2011లో పవర్‌టాప్‌కు జరిగింది దీనికి జవాబు. కెర్నల్ అంతటికీ ఒకే తాళంగా ఉన్న బిగ్ కెర్నల్ లాక్ తొలగిపోవడంతో, ఉమ్మడి భాగంలో దానికి సంబంధించిన 4 బైట్ల గడిని కూడా తీసేశారు. విద్యుత్ వాడకాన్ని గమనించే పవర్‌టాప్ ఆ గడిని వాడుకోనేలేదు, అయినా దెబ్బతింది. వెనక ఉన్న గడులన్నీ ముందుకు జరిగిపోయాయి మరి. చివరికి ఆ చోట అర్థం లేని 4 బైట్లను తిరిగి పెట్టాల్సి వచ్చింది. 2013లో గానీ వాటిని వదిలించుకోలేకపోయారు. స్థానాలను కోడులో రాసేసుకోవడమంటే, అడంగల్‌లో కాలమ్ పేర్లు చూడకుండా మూడో అంకె విస్తీర్ణమే అనుకోవడం లాంటిది. ప్రతి సంఘటనకూ కెర్నల్ ఒక ఫార్మాట్ ఫైలు ఇస్తుంది. ఏ గడి ఎక్కడ మొదలై ఎన్ని బైట్లు ఉంటుందో అందులో ఉంటుంది. ప్రోగ్రామ్ చదవాల్సింది దాన్ని.

మరి నేరుగా అక్షరాల్లోనే రాస్తే ఈ బాధ ఉండదు కదా? ఉండదు గానీ, అక్షరాలు కూర్చడానికి సమయం పడుతుంది. సెకనుకు వేలసార్లు జరిగే పని మధ్యలో అంత జాప్యం చేస్తే, కొలవబోయినదాన్నే చెడగొట్టినట్టవుతుంది. వేరే యంత్రానికి తీసుకెళ్తే బైట్ల అర్థం పోతుందన్న భయం కూడా అక్కర్లేదు. ఎఫ్‌ట్రేస్ డేటాను నమోదు చేసే ట్రేస్-సీఎండీ అనే ప్రోగ్రామ్ రాసే ఫైలులో డేటా కంటే ముందే ఈ ఫార్మాట్లు, బైట్ల వరుసక్రమం, ఫంక్షన్ల పేర్ల పట్టిక చేరి ఉంటాయి. కర్నూలులో నమోదు చేసిన ఫైలును కడపలో, వేరే కెర్నల్ ఉన్న కంప్యూటర్లో తెరిచినా సరిగ్గానే చదవొచ్చు.